పిన్ని ఓవెన్‌కి మతిమరుపు: మెమరీ ఎర్రర్ వెనకాల అసలు దొంగ ఎవరు?

ఈ రోజు ఒక ఓవెన్ గురించి మాట్లాడుకుందాం. వంట వీడియో కాదు, కంగారు పడకండి. ఓవెన్ లోపల ఒక కంట్రోల్ బోర్డు ఉంటుంది, ఆ బోర్డు మీద గోరంత మెమరీ చిప్ ఒకటి ఉంటుంది. ఆ చిప్ మీద నేను అన్యాయంగా నేరం మోపాను. దానివల్ల మా పిన్ని ఒక పెద్ద ఆర్డర్ పోగొట్టుకుంది. నేను ఎక్కడ తప్పు చేశాను, తర్వాత అసలు దొంగని ఎలా పట్టుకున్నాను అనేదే ఈ ఎపిసోడ్.

మా పిన్ని గుంటూరులో ఉంటుంది. నాలుగేళ్లుగా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతోంది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, క్రిస్మస్ అప్పుడైతే ప్లమ్ కేకులు. వంటింట్లో గోడలోకి అమర్చిన పెద్ద ఎలక్ట్రిక్ ఓవెన్ ఉంది. డిజిటల్ డిస్‌ప్లే, టచ్ బటన్లు అన్నీ ఉన్నాయి. రోజుకి ఎంత లేదన్నా ఏడెనిమిది గంటలు అది వేడి మీదే ఉంటుంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఏ కంపెనీ ఓవెన్‌లో అయినా రావచ్చు.

ఒక రోజు ఫోన్ చేసింది. "ఏరా, నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, ఈ ఓవెన్ సంగతేంటో చూడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కుయ్ కుయ్ మంటోంది. ఆ తర్వాత కేకులు పైన మాడిపోతున్నాయి" అంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి పిన్నీ, ఓవెన్ నాకేం తెలుసు అందామనుకున్నాను. కానీ ఆ రెండు మాటలు కలిపి వింటే నాకు ఆసక్తి పుట్టింది. కరెంటు పోయి రావడం, కేకు మాడటం. ఈ రెండిటికీ ఏంటి లింకు?

వెళ్లి చూశాను. కరెంటు రాగానే డిస్‌ప్లే మీద ఒక ఎర్రర్ కోడ్ వస్తోంది. ఏదో ఒక బటన్ నొక్కితే ఆ కోడ్ పోయి, ఓవెన్ మామూలుగానే పనిచేస్తోంది. సరే, ఒక ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి చూశాను. 150 పెడితే 170, 170 పెడితే 190, 200 పెడితే 220. ప్రతిచోటా కరెక్టుగా 20 డిగ్రీలు ఎక్కువ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది ముఖ్యం. వేడిని కొలిచే సెన్సర్ పాడైతే తేడా ఇంత పద్ధతిగా ఉండదు. ఒకచోట 10 ఉంటుంది, ఒకచోట 40 ఉంటుంది. అయినా అనుమానం ఎందుకని సెన్సర్ కూడా చెక్ చేశాను. ఈ ఓవెన్‌లో ఉన్నది పీటీ 1000 రకం. అంటే సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్స్ చూపిస్తుంది, వేడి పెరిగే కొద్దీ ఓమ్స్ పెరుగుతాయి. 30 డిగ్రీల గదిలో దాదాపు 1117 రావాలి. మీటర్ పెడితే అంతే వచ్చింది. సెన్సర్ బాగానే ఉంది.

మరి 20 డిగ్రీలు ఎక్కడివి? పిన్నిని అడిగితే అసలు విషయం బయటపడింది. ఓవెన్ కొన్నప్పుడే అది కాస్త ఎక్కువ వేడెక్కేదట. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మైనస్ 20 అని పెట్టి వెళ్లాడట. అంటే ఓవెన్ ఆ మైనస్ 20ని గుర్తుపెట్టుకోవాలి. అది మర్చిపోతోంది. మర్చిపోయినప్పుడు కేకు మాడుతోంది. అదీ లింకు.

సర్వీస్ వాళ్లని పిలిస్తే వాళ్ల పుస్తకంలో ఆ కోడ్ చూసి, "మెమరీ ఫాల్ట్ మేడం, బోర్డు మొత్తం మార్చాలి, 11 వేలు, మూడు వారాలు పడుతుంది" అన్నారట. మూడు వారాలు ఓవెన్ లేకపోతే పిన్నికి రోజు గడవదు. అందుకే నాకు ఫోన్.

ఇప్పుడు ఈ మెమరీ అంటే ఏంటో సింపుల్‌గా చెప్తాను. దీన్ని ఈఈప్రామ్ అంటారు. కరెంటు పోయినా మర్చిపోని మెమరీ. చిప్ లోపల చుట్టూ ఇన్సులేషన్ ఉన్న చిన్న చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లని బంధించి పెడతారు. ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి ఒకటి, సున్నా. ఈ ఫ్లోటింగ్ గేట్ ఐడియా 1967లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఇవాళ మీ ఫోన్‌లో ఫొటోలు దాచే స్టోరేజ్‌కి కూడా ఇదే తాత.

పిన్ని ఓవెన్‌లో ఉన్నది 24సీ02 అనే చిప్. ఎనిమిది కాళ్లు, 256 బైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో దీంట్లో అస్సలు పట్టదు. కానీ ఓవెన్‌కి అది చాలు. మైనస్ 20, చివరిసారి వాడిన టెంపరేచర్, చివరిసారి వాడిన మోడ్, ఏ మోడల్ ఓవెన్, ఇలాంటివన్నీ అందులోనే ఉంటాయి.

మరి తన మెమరీ పాడైందని ఓవెన్‌కి ఎలా తెలుస్తుంది? దీన్ని చెక్‌సమ్ అంటారు. కిరాణా చీటీ ఊహించుకోండి. కందిపప్పు 180, నూనె 160, చక్కెర 45, కింద మొత్తం 385. ఎవరైనా మధ్యలో ఒక అంకె చెరిపేస్తే మొత్తం కలవదు కదా. ఏ వస్తువు ధర మారిందో తెలియకపోయినా, చీటీలో ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. ఓవెన్ కూడా అంతే. కరెంటు రాగానే చీటీ తీసి కూడి చూస్తుంది. మొత్తం కలవకపోతే ఎర్రర్ చూపించి, ఆ చీటీ మొత్తాన్నీ పక్కన పెట్టేసి, ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోకి పోతుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో మైనస్ 20 ఉండదు, సున్నా ఉంటుంది.

ఓకేనా? ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నా తప్పు మొదలవుతుంది.

మెమరీ ఎర్రర్ అని రాసుంది, కాబట్టి మెమరీ చిప్పే పోయింది అని ఫిక్స్ అయిపోయాను. మెయిన్ ఆఫ్ చేసి, ఓవెన్‌ని గోడలోంచి బయటికి లాగి, బోర్డు ఊడదీశాను. దాన్ని పిన్ని వాళ్ల వీధి చివర మొబైల్ రిపేర్ షాప్‌కి తీసుకెళ్తే, హాట్ ఎయిర్‌తో ఆ అబ్బాయి అర నిమిషంలో చిప్ తీసిచ్చాడు. బోర్డు మీద ఉండగానే చదవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కొన్నిసార్లు కుదురుతుంది. కానీ మనం చిప్‌కి కరెంటు ఇచ్చినప్పుడు బోర్డు మీద ఉన్న ప్రాసెసర్ కూడా లేచి కూర్చుని, అదీ చిప్‌తో మాట్లాడటం మొదలుపెడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. అందుకే తీసి చదవడమే సేఫ్.

ఆర్డుయినో ఊనోకి కలిపి చదివాను. నాలుగు వైర్లు చాలు: ఐదు వోల్టులు, గ్రౌండ్, డేటా, క్లాక్. 256 బైట్లు లాప్‌టాప్ మీదికి వచ్చాయి. మూడుసార్లు చదివితే మూడుసార్లూ అవే నంబర్లు. సెట్టింగ్స్ ఉండే భాగంలో ఒక బైట్ మాత్రం ఎఫ్ఎఫ్ అని ఉంది. అంటే ఎనిమిది బిట్లూ ఒకటే. ఈఈప్రామ్‌లో ఖాళీ గది అంటే అదే. కొత్తది రాసే ముందు చిప్ పాతదాన్ని చెరిపేస్తుంది, చెరిపినప్పుడు ఎఫ్ఎఫ్ అవుతుంది, ఆ తర్వాత కొత్త నంబర్ రాస్తుంది. ఇదంతా ఐదు మిల్లీ సెకన్ల లోపు జరిగే పని. ఇక్కడ చెరపడం అయింది, రాయడం అవ్వలేదు.

చూడండి, సాక్ష్యం నా కళ్ల ముందే ఉంది. రాస్తుండగా ఎవరో చెయ్యి లాగేశారు అని ఆ ఎఫ్ఎఫ్ అరిచి చెప్తోంది. నాకు అది వినపడలేదు. చిప్ అరిగిపోయింది, అందుకే రాయలేకపోతోంది అనుకున్నాను.

ఒక చిన్న లెక్క వేసి ఉంటే అప్పుడే దొరికిపోయేది. ఈ చిప్ డేటాషీట్ ప్రకారం ఒక్కో గదిలో 10 లక్షల సార్లు రాయొచ్చు. పిన్ని రోజుకి 10 సార్లు ఓవెన్ స్టార్ట్ చేస్తుందనుకుందాం. ఏడాదికి 3650. అంటే 10 లక్షలు అవ్వాలంటే 270 ఏళ్లు దాటాలి. నాలుగేళ్లకే అరిగిపోయే ఛాన్సే లేదు. కానీ ఆ లెక్క నేను వెయ్యలేదు. ఆఫీసులో బగ్ వస్తే లాగ్స్ చూడకుండా కోడ్ మార్చేవాళ్లని తిట్టే నేనే, ఇక్కడ అదే పని చేశాను.

కొత్త చిప్ 15 రూపాయలకి దొరికింది. పాత దాంట్లో ఉన్నదంతా దాంట్లోకి కాపీ చేసి బిగించాను. మీకు ఒక జాగ్రత్త: ఖాళీ చిప్ నేరుగా బిగిస్తే చాలా ఓవెన్లు అసలు ఆన్ అవ్వవు, ఎందుకంటే తను ఏ మోడలో కూడా దానికి తెలియదు. ముందు కాపీ తీసి పెట్టుకోవడం తప్పనిసరి. తర్వాత మెనూలోకి వెళ్లి మైనస్ 20 మళ్లీ పెట్టాను. కరెంటు తీసి ఇచ్చాను, ఎర్రర్ లేదు. 170 పెడితే 170. "అయిపోయింది పిన్నీ, 11 వేల పని 15 రూపాయల్లో" అని గొప్పలు కూడా చెప్పాను. గోంగూర మటన్ తిని హైదరాబాద్ వచ్చేశాను.

తొమ్మిదో రోజు ఆదివారం. ఒక పాప మొదటి పుట్టినరోజుకి మూడు కిలోల కేకు ఆర్డర్. పొద్దున కరెంటు పోయి వచ్చింది. పిన్ని బయట ఉంది, ఓవెన్ కుయ్ మంటే మా చెల్లి బటన్ నొక్కి ఆపేసింది. దానికి ఆ సంగతి తెలియదు. బాగైపోయిందని నేనే చెప్పాను కాబట్టి పిన్ని కూడా థర్మామీటర్ పెట్టి చూసుకోలేదు. స్పాంజ్ పైన నల్లగా అయిపోయింది, నడుమ కుంగిపోయింది. మళ్లీ చెయ్యడానికి టైం లేదు. వాళ్లకి 2,500 అడ్వాన్స్ వెనక్కిచ్చి, ఇంకెక్కడో కేకు కొనుక్కోమని చెప్పింది. ఫోన్‌లో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మళ్లీ వచ్చిందిరా" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

ఆ శనివారం మళ్లీ గుంటూరు వెళ్లాను. ఈసారి స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ఒక నోట్‌బుక్ తీసి పిన్ని ముందు కూర్చున్నాను. అసలు ఈ ఓవెన్ ఎప్పుడెప్పుడు ఏం చేస్తుందో మొత్తం చెప్పు అన్నాను. నాలుగేళ్లుగా రోజూ దాని ముందు నిలబడే మనిషి కదా.

పిన్ని చెప్పింది: "కింద కాయిల్ ఒక్కటే పెట్టినప్పుడు ఏం ఉండదు. పైదీ కిందదీ ఫ్యానూ మూడూ కలిపి పెడితే మాత్రం టిక్ టిక్ మన్నాక డిస్‌ప్లే మసకేసి వణుకుతుంది. ముందు ఇట్లా లేదు, ఈ ఏడాది నుంచే."

నేను పెన్ను కింద పెట్టేశాను. ఇంత పెద్ద క్లూ ఆమె దగ్గర ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను అడగనే లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఎర్రర్ కనిపించేది కరెంటు వచ్చినప్పుడు. అందుకని అందరం కరెంటు పోవడమే కారణం అనుకున్నాం. కానీ ఓవెన్ చీటీ కూడి చూసేది ఆన్ అయినప్పుడు మాత్రమే. ఆ తర్వాత అది ర్యామ్‌లో ఉన్న కాపీతో పని చేసుకుంటూ పోతుంది. చిప్‌లో చీటీ మంగళవారం పాడైనా సరే, శుక్రవారం కరెంటు పోయి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తప్పు కనిపించిన టైం వేరు, తప్పు జరిగిన టైం వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ నొప్పి బాగా తెలుసు.

మరి చీటీ రాసేది ఎప్పుడు? మనం స్టార్ట్ నొక్కినప్పుడు. చివరి సెట్టింగ్స్ అప్పుడే సేవ్ అవుతాయి. సరిగ్గా అదే క్షణంలో రిలేలు కూడా ఆన్ అవుతాయి. ఆ టిక్ టిక్ అదే.

టెస్ట్ పెట్టాం. కింద కాయిల్ ఒక్కటే పెట్టి స్టార్ట్, తర్వాత మెయిన్ ఆఫ్ చేసి ఆన్. 10 సార్లు చేస్తే ఒక్క ఎర్రర్ లేదు. మూడూ కలిపి పెట్టి అదే పని 10 సార్లు చేస్తే మూడుసార్లు ఎర్రర్. చిప్ కొత్తదే, గుర్తుంది కదా. అంటే చిప్ కాదు. దానికి అందే కరెంటు.

ఇక్కడ నుంచి సేఫ్టీ మాట. ఓవెన్ లోపల 230 వోల్టులు ఉంటాయి. బోర్డు తియ్యాలంటే ఎంసీబీ ఆఫ్ చెయ్యాలి, ప్లగ్ తియ్యాలి, ఐదు నిమిషాలు ఆగాలి. ఆన్‌లో పెట్టి కొలవాల్సి వస్తే, ముందే ఆఫ్‌లో ఉండగా క్లిప్పులు పెట్టి, చేతులు వెనక్కి తీసి, అప్పుడు ఆన్ చెయ్యాలి. ఈ బోర్డులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టి తక్కువ వోల్టేజ్ వైపు వేరుగా ఉంది. చాలా వస్తువుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, బోర్డు మొత్తం మెయిన్స్‌తోనే కలిసి ఉంటుంది. దానికి లాప్‌టాప్ కలిపారంటే లాప్‌టాప్ పోవచ్చు, మీకూ షాక్ కొట్టొచ్చు. మీకు ఈ తేడా తెలియకపోతే ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకోండి.

సరే, మల్టీమీటర్ ఐదు వోల్టుల లైన్ మీద పెడితే ఐదుకి కొంచెం తక్కువ చూపించింది. పెద్ద తేడా ఏం లేదు. మొదటిసారి వాడైతే ఇక్కడే మోసపోతాడు. మల్టీమీటర్ చూపించేది సగటు. పదిమందిలో ఒకడు ఆకలితో పడిపోయినా, సగటు భోజనం బాగానే ఉందంటుంది అది.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది అలలు అలలుగా ఉంటుంది. సెకనుకి 100 అలలు. అల పైకి లేచినప్పుడు నీళ్లు పట్టి, కిందికి దిగినప్పుడు వదిలే ట్యాంక్ లాంటిది ఒకటి ఉంటుంది, అదే ఫిల్టర్ కెపాసిటర్. ట్యాంక్ చిన్నదైపోతే అల దిగిన ప్రతిసారీ కుళాయి సన్నబడుతుంది.

దీన్ని ఆసిలోస్కోప్ లేకుండా పట్టుకోవచ్చు. ఆ కెపాసిటర్ మీద మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులలో పెట్టండి. డీసీ లైన్ మీద ఏసీ ఎందుకంటారా? అలలు ఎంత ఎత్తున ఉన్నాయో అది చెప్తుంది. కొన్ని చౌక మీటర్లు ఇలా పెడితే డీసీని కూడా కలిపి తప్పు చూపిస్తాయి, అప్పుడు ప్రోబ్‌కి వరసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టుకుంటే సరిపోతుంది. మామూలుగా ఈ బోర్డులో అర వోల్టు లోపు ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడే 0.9 చూపించింది. ఒక రిలే ఆన్ అయితే ఒకటిన్నర. మూడు రిలేలు ఆన్ అయితే దాదాపు మూడు.

ఏసీలో మూడంటే, అల పై నుంచి కింది దాకా 10 వోల్టులు. 15 దగ్గర ఉండాల్సిన లైన్ ప్రతి అలకీ 5 దాకా పడిపోతోంది. ఐదు వోల్టులిచ్చే రెగ్యులేటర్‌కి ఇన్‌పుట్‌లో దాదాపు 7 ఉండాలి. లేకపోతే అది కూడా ఐదు ఇవ్వలేదు. ఈ చిప్ రకానికి కనీసం 4.5 కావాలని డేటాషీట్‌లో ఉంది. ప్రాసెసర్‌కి మాత్రం 2.7 ఉన్నా చాలు. అందుకే ప్రాసెసర్ ఆగిపోకుండా హాయిగా రాయమని ఆర్డర్ ఇస్తోంది, చిప్‌కేమో రాసే ఓపిక లేదు. చెరిపి, రాయకుండా వదిలేస్తోంది. అదే మన ఎఫ్ఎఫ్.

కెపాసిటర్ తీసి కొలిచాను. మీద రాసుంది 1000 మైక్రోఫారడ్. మిగిలింది 110. పైన ఉబ్బలేదు, కారలేదు, చూస్తే కొత్తదానిలా ఉంది. లోపల ఎండిపోయింది. దాని మీద 85 డిగ్రీలు అని ఉంది. ఈ రకానికి 85 దగ్గర 2,000 గంటల ఆయుష్షు ఇస్తారు. 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అవుతుందని ఒక అంచనా సూత్రం ఉంది. ఓవెన్ నడుస్తున్నప్పుడు బోర్డు దగ్గర కొలిస్తే 65 ఉంది. అంటే 8,000 గంటలు. పిన్ని రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి ఒక 300 రోజులు వాడుతుంది. మూడేళ్లు దాటేసరికి అయిపోయింది. ఇంట్లో వారానికోసారి వాడే వాళ్లకి ఇది ఇరవై ఏళ్లు వచ్చేది. పిన్ని ఓవెన్ మతిమరుపుది కాదు, పని ఎక్కువై అలిసిపోయింది.

కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి ముందే కొన్ని రకాలు తెచ్చుకున్నాను. 1000 మైక్రోఫారడ్, 35 వోల్టులు, 105 డిగ్రీలది బిగించాను. ప్లస్ మైనస్ కాళ్లు తారుమారు చేస్తే పేలుతుంది, చూసుకోండి. 20 రూపాయలు. మళ్లీ ఏసీలో కొలిస్తే మూడు రిలేలు ఆన్‌లో ఉన్నా అర వోల్టు లోపే. డిస్‌ప్లే వణకలేదు. ఈసారి గొప్పలు చెప్పలేదు. మూడూ కలిపి పెట్టి 30 సార్లు స్టార్ట్ చేసి, ప్రతిసారీ మెయిన్ తీసి ఇచ్చి చూశాం. 30కి 30 క్లీన్. పిన్ని పక్కనే కూర్చుని గీతలు పెట్టింది.

ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ వాడిగా. ఆ ఓవెన్ ప్రోగ్రామ్ రాసినవాళ్లు రాసిన వెంటనే ఒకసారి చదివి సరిచూసుకుని ఉంటే, అక్కడికక్కడే దొరికేది. సెట్టింగ్స్‌ని రెండు చోట్ల దాచి ఉంటే ఒకటి పోయినా రెండోది ఉండేది. లేదా రిలేలు ఆన్ చేసే ముందే రాసేసి ఉన్నా ఈ గొడవ వచ్చేది కాదు. నాలుగైదు లైన్ల కోడ్. మీలో ఎంబెడెడ్ వైపు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, మీరు రాయని ఆ నాలుగు లైన్ల ఖరీదు ఎక్కడో గుంటూరులో ఒక ఇంట్లో కడతారు.

ఇది జరిగి ఐదు నెలలైంది. కరెంటు చాలాసార్లు పోయింది, ఓవెన్ ఒక్కసారి కూడా కుయ్ అనలేదు. ఆ 2,500 నేను ఇస్తానంటే పిన్ని తీసుకోలేదు. "డబ్బులొద్దులేరా. ఈసారి ఏదైనా విప్పే ముందు నన్ను ఒక మాట అడుగు" అంది.

ఆ పాప వాళ్లు మొన్న ఇంకో కేకు ఆర్డర్ ఇచ్చారట. నిన్న రాత్రి ఫొటో పంపింది. పైన ఎక్కడా మాడలేదు.

ఇంతే ఫ్రెండ్స్ ఈ రోజుకి. మీ ఇంట్లో కూడా ఏదైనా వస్తువు మతిమరుపుతో ఉంటే, ముందు దాన్ని రోజూ వాడేవాళ్లతో పది నిమిషాలు కూర్చోండి. స్క్రూడ్రైవర్ తర్వాత తియ్యండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.